స్పోర్ట్స్ కారు ఎగ్జాస్ట్ వాల్వ్ మీ చేతికి: పరిశీలన నుంచి కంట్రోలర్ అమరిక దాకా

తెల్లవారుజామున కారు స్టార్ట్ చేస్తే వీధి మొత్తం లేస్తుంది. అదే కారు, ఖాళీ రోడ్డు మీద ఆ శబ్దం వినాలని మనసు పడినప్పుడు నోరు మెదపదు. వాల్వ్ ఉన్న ఎగ్జాస్ట్‌తో వచ్చే స్పోర్ట్స్ కార్లలో చాలావాటికి ఉన్న ఇబ్బంది ఇదే. ఎప్పుడు మోగాలో, ఎప్పుడు ఊరుకోవాలో నిర్ణయించేది డ్రైవర్ కాదు, కారులోని కంప్యూటర్. ఆ నిర్ణయాన్ని మన చేతికి తెచ్చుకోవడానికి బయట చాలా కంట్రోలర్లు దొరుకుతున్నాయి. వాటిలో ఏది మీ కారుకు పనికొస్తుంది, దాన్ని కారుకు హాని లేకుండా ఎలా బిగించాలి అన్నదే ఈ మార్గదర్శి.

ముందుగా పేరు విషయంలో గందరగోళం లేకుండా చూసుకుందాం. సిలిండర్ హెడ్‌లో, మండిన వాయువును బయటికి వదిలే వాల్వులను కూడా ఎగ్జాస్ట్ వాల్వులే అంటారు. వాటి జోలికి మనం పోవడం లేదు. ఇక్కడ వాల్వ్ అంటే కారు వెనక భాగంలో, సైలెన్సర్ దగ్గర పైపులో ఉండే గుండ్రటి రేకు తలుపు. ఒక సన్నటి ఇరుసు మీద పావు చుట్టు తిరుగుతుంది, అంతే. సైలెన్సర్‌లో పొగకు రెండు దారులు ఉంటాయి. ఒకటి చిల్లుల గొట్టాలు, గదుల మీదుగా చుట్టు తిరిగి నెమ్మదించి వెళ్లేది. రెండోది దాదాపు నేరుగా బయటపడేది. ఆ రెండో దారికి అడ్డంగా ఉన్న తలుపును ఇక మీదట ఫ్లాప్ అనే పిలుద్దాం.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1990ల మొదట్లోనే మిత్సుబిషి 3000జీటీ వీఆర్-4లో స్పోర్ట్, టూర్ అని రెండు స్థానాలున్న ఎగ్జాస్ట్ బటన్ ఉండేది. ఫెరారీ ఎఫ్355లో కూడా బైపాస్ ఫ్లాప్ ఉంది. 2018 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ దగ్గరికి వచ్చేసరికి, ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకు నిశ్శబ్దంగా స్టార్ట్ కావాలని టైమ్ పెట్టుకునే సదుపాయం కూడా ఫ్యాక్టరీ నుంచే వచ్చింది.

మరి మిగతా కార్లలో ఫ్లాప్ ఎందుకంత మొండిగా ఉంటుంది? కారణం శబ్ద పరీక్ష. ఐక్యరాజ్యసమితి 51వ నంబరు వాహన నిబంధన ప్రకారం కారు గంటకు 50 కిలోమీటర్ల వేగం ప్రాంతంలో, 20 మీటర్ల పొడవున్న పరీక్ష దారిలో యాక్సిలరేటర్ తొక్కుతూ వెళ్లాలి. దారి మధ్యగీతకు 7.5 మీటర్ల దూరంలో రెండు వైపులా మైకులు ఉంటాయి. యూరప్‌లో 2014లో వచ్చిన 540వ నిబంధన మూడో దశలో మామూలు కార్లకు 68 డెసిబెల్స్, బరువుతో పోలిస్తే బాగా ఎక్కువ శక్తి ఉండి, సీటు నేలకు దగ్గరగా ఉండే కార్లకు 72 డెసిబెల్స్ పరిమితి పెట్టారు. అందుకే ఊళ్లో నడిపే వేగాల్లో, మధ్యస్థ ఆర్‌పీఎంలో (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్ల సంఖ్య) ఫ్లాప్ మూసుకుని ఉంటుంది. మీకు వినాలనిపించే చోటే కారు మౌనంగా ఉండటానికి ఇది పెద్ద కారణం.

ఇంకో నిజం కూడా డబ్బు ఖర్చు పెట్టే ముందే తెలుసుకోండి. కంట్రోలర్ వల్ల ఇంజన్ పవర్ పెరగదు. ఫుల్ థ్రాటిల్‌లో, పై ఆర్‌పీఎంలో ఫ్యాక్టరీ ప్రోగ్రామే సాధారణంగా ఫ్లాప్‌ను తెరిచేస్తుంది. మనం మార్చేది మిగతా సమయంలో వచ్చే శబ్దాన్ని మాత్రమే. పవర్ పెరుగుతుందని చెప్పి అమ్మేవారి దగ్గర కొనకండి.

అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న

కరెంటు గానీ వ్యాక్యూమ్ (గాలి పీల్పు) గానీ అందకపోతే మీ కారు ఫ్లాప్ ఎటు పోతుంది? తెరుచుకుంటుందా, మూసుకుంటుందా, ఉన్నచోటే ఆగిపోతుందా? ఏ కంట్రోలర్ కొనాలి, ఎక్కడ కలపాలి, అది పాడైతే ఏం జరుగుతుంది అన్నవన్నీ ఈ ఒక్క జవాబు మీదే ఆధారపడి ఉంటాయి. ఈ జవాబు తెలియకుండా కిట్ ఆర్డర్ పెట్టి, అది వచ్చాక కారు కింద పడుకుని తలపట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

మొదటి అడుగు: రెండు రోజులు ఊరికే చూడండి

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కారు వెనక్కి వెళ్లి, టార్చ్ లైటుతో పైపు చివర నుంచి లోపలికి చూడండి. చాలా కార్లలో ఫ్లాప్ కనిపిస్తుంది. కనిపించకపోతే సైలెన్సర్ పక్కన ఇరుసుకు తగిలించిన చిన్న లివర్‌నో, మోటార్ డబ్బానో వెతకండి. ఆ భాగం కనిపించేలా ఫోన్‌ను నేల మీద ఆనించి వీడియో పెట్టి, ఇంజన్ స్టార్ట్ చేయండి. ఈ పని ఆరుబయటే చేయాలి. మూసిన గరాజ్‌లో వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ప్రాణం పోయేదాకా తెలియదు.

ఇంజన్ ఆపి ఉన్నప్పుడు, స్టార్ట్ చేసిన క్షణంలో, ఒక నిమిషం తర్వాత, ఇంజన్ వేడెక్కాక, స్పోర్ట్ మోడ్ నొక్కినప్పుడు, కారు ఆపేశాక ఫ్లాప్ ఎక్కడుందో కాగితం మీద రాసుకోండి. కొన్ని కార్లలో రెండు ఫ్లాపులు ఉంటాయి, కొన్నిటిలో నాలుగు. అన్నీ ఒకేసారి కదలాలని లేదు. కుడివైపుది మాత్రమే కదిలి ఎడమవైపుది ఎప్పుడూ తెరిచే ఉండే సైలెన్సర్లు కూడా ఉన్నాయి. అందుకే రెండు వైపులా చూడండి. కారు ఆపేసి కాసేపయ్యాక ఫ్లాప్ ఏ స్థితిలో ఉందో దాన్ని బట్టి మన ప్రశ్నకు జవాబు సగం దొరికినట్టే.

రెండో అడుగు: వ్యాక్యూమా, మోటారా?

లివర్ చివర పుట్టగొడుగు ఆకారంలో ఒక రేకు డబ్బా (ఫ్లాప్‌ను కదిపే ఆక్చువేటర్ ఇదే), దానికి వేలికంటే సన్నటి రబ్బరు ట్యూబు ఉంటే అది వ్యాక్యూమ్ రకం. లోపల డయాఫ్రం అనే రబ్బరు పొర, ఒక స్ప్రింగ్ ఉంటాయి. ఇంజన్ మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టాలు) నుంచో, వ్యాక్యూమ్ పంపు నుంచో వచ్చే పీల్పు ఒక చిన్న నిల్వ డబ్బాలో చేరుతుంది. అక్కడి నుంచి ఒక సోలనాయిడ్ (కరెంటుతో పనిచేసే చిన్న వాల్వ్) దాన్ని ఆక్చువేటర్‌కు వదులుతుంది, లేదా ఆపుతుంది. పీల్పు అందితే డయాఫ్రం లివర్‌ను లాగుతుంది, లేకపోతే స్ప్రింగ్ దాన్ని వెనక్కి తెస్తుంది. కాబట్టి ఈ రకంలో దిక్కును నిర్ణయించేది స్ప్రింగే. చాలా స్పోర్ట్స్ కార్లలో పీల్పు పోతే ఫ్లాప్ తెరుచుకునేలా అమరుస్తారు, ఏదైనా చెడిపోయినా పొగకు దారి ఉండాలని.

రేకు డబ్బాకు బదులు ప్లాస్టిక్ మూత, వైర్ల కనెక్టర్ ఉంటే అది మోటార్ రకం. మోటారుకూ ఇరుసుకూ మధ్య చిన్న స్ప్రింగ్ లాంటి కప్లింగ్ కనిపిస్తుంది. సైలెన్సర్ వేడి నేరుగా మోటారుకు ఎక్కకుండా, వేడికి లోహం సాగినప్పుడు ఇరుసు బిగుసుకుపోకుండా అది చూసుకుంటుంది. దాన్ని వంచకండి. కరెంటు పోతే ఈ రకం ఫ్లాప్ సాధారణంగా ఉన్నచోటే ఆగిపోతుంది.

ఇప్పుడు పరీక్ష. వ్యాక్యూమ్ రకమైతే ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆక్చువేటర్ ట్యూబు తీసి, ట్యూబు కొసను వేలితో మూసి పట్టుకోండి. అలా మూయకపోతే గాలి లోపలికి పీల్చుకుని ఐడిల్ తడబడుతుంది. ఫ్లాప్ ఎటు పోయిందో చూడండి. అదే జవాబు. మోటార్ రకంలో కనెక్టర్ తీసి పరీక్షించవచ్చు గానీ ఈసీయూ (కారులోని కంప్యూటర్) దాన్ని లోపంగా రాసుకుంటుంది. ఆ లోపం కోడ్‌లు చదివే ఓబీడీ రీడర్ దగ్గర ఉంటేనే చేయండి.

మూడో అడుగు: ఫ్లాప్ ఆరోగ్యం

ఇరుక్కుపోయిన ఫ్లాప్‌కు ఎంత మంచి కంట్రోలర్ బిగించినా లాభం లేదు. ఇంజన్ ఆపి కనీసం గంటన్నర ఆగండి. సైలెన్సర్ బయటి రేకు చల్లబడినట్టే అనిపించినా లోపలి భాగం చాలాసేపు వేడిగానే ఉంటుంది. కారును రెండు వైపులా జాకీ స్టాండ్ల మీద నిలపండి. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి ఎంత తొందర పని ఉన్నా దూరకండి.

వ్యాక్యూమ్ రకంలో లివర్‌ను చేత్తో పట్టి కదిపితే మొదటి నుంచి చివరి దాకా ఒకే బిగువుతో తిరిగి, వదలగానే స్ప్రింగ్ బలంతో వెనక్కి రావాలి. మధ్యలో పట్టేస్తే ఇరుసు దగ్గర మసి, తుప్పు చేరాయన్నమాట. తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా ఉంచి, నెమ్మదిగా అటూ ఇటూ కదపండి. మామూలు గ్రీజు పెట్టకండి. వేడికి అది కాలి గట్టిపడి, పరిస్థితి ఇంకా పాడవుతుంది. మోటార్ రకంలో మోటారును బలవంతంగా తిప్పితే లోపలి గేర్లు విరుగుతాయి, కాబట్టి మోటారును విప్పాకే ఇరుసును కదపాలి.

హ్యాండ్ వ్యాక్యూమ్ పంపు ఒకటి కొనుక్కోండి, ఈ పనిలో అంత ఉపయోగపడే పరికరం మరొకటి లేదు. ఆక్చువేటర్‌కు తగిలించి 500 మిల్లీమీటర్ల పాదరసం దాకా లాగండి. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ ఐడిల్‌లో మానిఫోల్డ్ దగ్గర ఉండే పీల్పు కూడా దాదాపు అంతే. ఒక నిమిషం పాటు ముల్లు కదలకూడదు. దిగిపోతోందంటే డయాఫ్రం చిరిగింది, ఆక్చువేటర్ మార్చాల్సిందే.

ఇక్కడే ఇంకో మాట. రాత్రంతా నిలిపి ఉంచిన కారు పొద్దున్నే మొదటి రెండు మూడు సెకన్లు గట్టిగా మోగి తర్వాత తగ్గుతుంటే, కంట్రోలర్ కొనే ముందు నిల్వ డబ్బాకు ముందున్న చెక్ వాల్వ్ (గాలిని ఒకే దిశలో వదిలేది) చూడండి. పీల్పు పోతే తెరుచుకునే కార్లలో ఆ చెక్ వాల్వ్ లీకైతే రాత్రికి రాత్రి నిల్వ ఖాళీ అయిపోతుంది. ఫ్లాప్ మూయడానికి మళ్లీ పీల్పు చేరేదాకా శబ్దం తప్పదు. ఆ చిన్న ప్లాస్టిక్ ముక్క మారిస్తే సమస్య అక్కడితో తీరిన కార్లు ఉన్నాయి. కొన్ని ఇంజన్లలో మాత్రం మొదటి నిమిషం శబ్దానికి కారణం వేరు. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ త్వరగా వేడెక్కాలని కంప్యూటరే ఆర్‌పీఎం పెంచుతుంది. ఆ శబ్దాన్ని ఫ్లాప్ తగ్గించగలదు గానీ పూర్తిగా ఆపలేదు.

నాలుగో అడుగు: ఏ దారి?

అతి తేలికైన దారి ట్యూబు పీకి రబ్బరు మూత పెట్టడం, లేదా ఆ సోలనాయిడ్‌కు సంబంధించిన ఫ్యూజ్ తీసేయడం. పీల్పు పోతే తెరుచుకునే కారైతే ఫ్లాప్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నేనూ ఇలాగే మొదలుపెట్టాను. మొదటి సాయంత్రం ఆనందమే. వారం తిరగకుండానే హైవే మీద నాలుగు గంటల ప్రయాణం పడింది. ఒకే స్థాయిలో వచ్చే ఆ హోరుకు తల పగిలిపోయింది, పక్కన కూర్చున్న మా అమ్మతో మాట కలపడమే కష్టమైంది. శబ్దం నచ్చుతుందో లేదో తెలుసుకోవడానికి ఒక రోజు పరీక్షగా ఈ పద్ధతి మంచిదే. శాశ్వతంగా పెట్టుకోవడానికి కాదు. ఫ్యూజ్ తీసేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. అదే ఫ్యూజ్ మీద వేరే భాగాలు కూడా నడుస్తుండవచ్చు. ఓనర్ మాన్యువల్‌లో ఫ్యూజుల పట్టిక చూడకుండా ముట్టుకోవద్దు.

రెండోది ఫ్యాక్టరీ కనెక్టర్ల మధ్యలో బిగించే రెడీమేడ్ మాడ్యూల్, రిమోట్‌తోనో ఫోన్ యాప్‌తోనో నడిచేది. మూడోది మీరే కట్టుకునే స్విచ్ అమరిక, ఇది వ్యాక్యూమ్ కార్లకు బాగా సరిపోతుంది. నాలుగోది ఈసీయూ కోడింగ్. కొన్ని కార్లలో ఫ్లాప్ ప్రోగ్రామ్‌నే మార్చవచ్చు, ఒక్క వైరు కూడా ముట్టనక్కర్లేదు. కానీ డీలర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసిన రోజున ఆ మార్పు చెరిగిపోవచ్చు. పైగా కారు సాఫ్ట్‌వేర్‌ను మార్చినట్టు రికార్డు మిగలవచ్చు.

నా సలహా ఏమిటంటే వ్యాక్యూమ్ కారుకు అదనపు సోలనాయిడ్, మోటార్ కారుకు రెడీమేడ్ మాడ్యూల్. రెండింటిలోనూ చూడాల్సిన లక్షణం ఒకటే. కంట్రోలర్‌కు కరెంటు ఆగిపోతే కారు తన ఫ్యాక్టరీ పద్ధతికి తనంతట తానే తిరిగి వెళ్లాలి.

ఐదో అడుగు: వ్యాక్యూమ్ కారులో అమరిక

చాలామంది ఫ్యాక్టరీ సోలనాయిడ్ వైరును తెంచి మధ్యలో స్విచ్ పెడతారు. అప్పుడు ఈసీయూకు సర్క్యూట్ తెగినట్టు కనిపించి లోపం కోడ్ రాసుకుంటుంది. దాన్ని మభ్యపెట్టడానికి రెసిస్టర్ పెడతారు. సోలనాయిడ్ కాయిల్ 30 ఓములనుకుంటే, 14 వోల్టుల దగ్గర ఆ రెసిస్టర్ మీద ఆరున్నర వాట్ల వేడి పుడుతుంది. ట్రిమ్ ప్లాస్టిక్ వెనక అంత వేడి పెట్టడం నాకు ఇష్టం లేదు.

మెరుగైన పద్ధతి వైర్లను వదిలేసి ట్యూబు మీద పనిచేయడం. మూడు నోళ్లున్న 12 వోల్టుల వ్యాక్యూమ్ సోలనాయిడ్ ఒకటి తీసుకోండి. దాన్ని ఫ్యాక్టరీ సోలనాయిడ్‌కూ ఆక్చువేటర్‌కూ మధ్య ట్యూబులో పెట్టండి. కరెంటు లేనప్పుడు ఫ్యాక్టరీ వైపు నోరు, ఆక్చువేటర్ వైపు నోరు కలిసి ఉండాలి. అంటే మన పరికరం లేనట్టే లెక్క. కరెంటు ఇస్తే ఫ్యాక్టరీ వైపు నోరు మూసుకుని, ఆక్చువేటర్ బయటి గాలికి తెరుచుకోవాలి. అప్పుడు స్ప్రింగ్ తన పని చేస్తుంది. పీల్పు పోతే తెరుచుకునే కారైతే స్విచ్ వేసినప్పుడల్లా ఫ్లాప్ తెరిచే ఉంటుంది. ఈసీయూ తన సోలనాయిడ్‌ను యథాప్రకారం నడుపుకుంటూనే ఉంటుంది కాబట్టి దానికి విద్యుత్ లోపమేదీ కనిపించదు.

తగిలించే ముందు నోటితో ఊది చూసుకోండి. కరెంటు లేనప్పుడు ఏ రెండు నోళ్లు కలుస్తున్నాయో, ఇచ్చినప్పుడు ఏవి కలుస్తున్నాయో మార్కర్‌తో రాయండి. నోళ్లు తారుమారు చేయడమే ఈ పనిలో ఎక్కువగా జరిగే పొరపాటు. గాలికి తెరుచుకునే నోటికి చిన్న ఫిల్టర్ ఉండాలి, లేకపోతే దుమ్ము చేరి సోలనాయిడ్ పట్టేస్తుంది.

తెల్లవారుజామున బలవంతంగా మూయడం కూడా కావాలంటే ఇలాంటిదే రెండో సోలనాయిడ్ కావాలి. అది మొదటిదానికీ ఆక్చువేటర్‌కూ మధ్య ఉంటుంది. దాని మూడో నోటిని బయటి గాలికి బదులు నిల్వ డబ్బాకు, చెక్ వాల్వ్ తర్వాత, ఒక టీ ముక్కతో (T ఆకారంలో మూడు నోళ్లున్న గొట్టం ముక్క) కలపాలి. ఆ నోరు వ్యాక్యూమ్‌ను పట్టి ఉంచగలదని సోలనాయిడ్ వివరాల్లో చూసి కొనండి. కానీ ఒక్క మాట మరువకండి. బ్రేక్ బూస్టర్‌కు వెళ్లే గొట్టానికి ఎట్టి పరిస్థితుల్లోనూ టీ కట్టకండి. అక్కడ లీకైతే పోయేది శబ్దం కాదు, బ్రేకు బలం.

వైరింగ్ సులువే. ఇలాంటి సోలనాయిడ్ అర ఆంపియర్‌కు మించి తీసుకోదు. అందుకని రిలే అవసరం లేదు, 3 ఆంపియర్ల ఫ్యూజ్ ద్వారా స్విచ్‌కు, అక్కడి నుంచి సోలనాయిడ్‌కు, రెండో వైరు బాడీ ఎర్త్‌కు. కాయిల్‌కు సమాంతరంగా ఒక 1ఎన్4007 డయోడ్, దాని గీత ఉన్న కొస పాజిటివ్ వైపు ఉండేలా కలపండి. స్విచ్ ఆపినప్పుడు కాయిల్ నుంచి వచ్చే వోల్టేజి పోటును అది మింగేస్తుంది. టర్బో కార్లవాళ్లు ట్యూబు కొసలన్నిటికీ చిన్న క్లిప్పులు వేసుకోవాలి. మానిఫోల్డ్‌లో బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) పుట్టినప్పుడు చెక్ వాల్వ్ బలహీనంగా ఉంటే ట్యూబులు ఊడిపోతాయి.

ఆరో అడుగు: మోటార్ కారులో అమరిక

ఇక్కడ వైర్ల సంఖ్యను బట్టి జాగ్రత్త పడాలి. రెండే వైర్లుంటే అది మామూలు మోటార్, పోలారిటీ మార్చితే దిశ మారుతుంది. బయట దొరికే ఎలక్ట్రిక్ కటౌట్లు (పొగను సైలెన్సర్‌కు ముందే బయటికి వదిలే మోటార్ ఫ్లాపులు) ఎక్కువగా ఇవే. ఫ్యాక్టరీ మోటార్లలో మాత్రం సాధారణంగా మూడో వైరో, అంతకు మించో ఉంటాయి. ఒకటి 12 వోల్టులు, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్. లోపల చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. సిగ్నల్ వైరు మీద ఈసీయూ వేగంగా ఆన్-ఆఫ్ చేసే పల్సులు పంపిస్తుంది. ఆ పల్సుల్లో ఆన్ భాగం ఎంత శాతం ఉందన్నదే ఫ్లాప్‌కు ఆదేశం. మల్టీమీటర్ వాటి సగటునే చూపిస్తుంది. ఆన్ భాగం 10 శాతమైతే ఒక వోల్టు పైచిలుకు, 90 శాతమైతే 11 వోల్టులకు దగ్గర. రెండు మోడ్‌లలో సగటు ఇలా స్థిరంగా, వేర్వేరుగా కనిపిస్తే అది పల్సుల రకం. అంకెలు నిలకడ లేకుండా ఊగుతుంటే అది లిన్ బస్ కావచ్చు. అంటే సెకనుకు 20 కిలోబిట్ల లోపు వేగంతో మాటలు నడిచే ఒంటి వైరు నెట్‌వర్క్. రెండు సందర్భాల్లోనూ ఆ సిగ్నల్ వైరుకు నేరుగా 12 వోల్టులు తగిలించకండి. మోటార్ బోర్డు పోతుంది, దానితోపాటు ఈసీయూ అవుట్‌పుట్ కూడా పోవచ్చు.

అందుకే ఈ రకానికి మీ కారు మోడల్ కోసమే తయారైన మాడ్యూల్ కొనండి. కొనే ముందు అమ్మేవారిని సూటిగా అడగాల్సినవి ఉన్నాయి. ఆటో మోడ్‌లో ఫ్యాక్టరీ సిగ్నల్‌ను మార్చకుండా వదులుతుందా? మాడ్యూల్ చచ్చిపోతే సిగ్నల్ దానంతట అదే దాటిపోతుందా? మోటార్ నుంచి ఈసీయూ ఆశించే సమాధానాన్ని ఇది ఇస్తుందా, లేక కోడ్ వస్తుందా? ఇగ్నిషన్ వేసినప్పుడు గానీ ఆపినప్పుడు గానీ చాలా మోటార్లు ఒకసారి ఈ కొస నుంచి ఆ కొస దాకా తిరిగి తమ హద్దులు నేర్చుకుంటాయి, అప్పుడు మాడ్యూల్ అడ్డుపడకుండా ఉంటుందా? ఈ ప్రశ్నలకు తడబడే దుకాణం దగ్గర ఆగకండి.

బిగించడం చిన్న పనే. బ్యాటరీ నెగటివ్ తీసి పది నిమిషాలు ఆగండి. ఒక్కొక్క మోటార్ కనెక్టర్ విప్పి, మాడ్యూల్ తాలూకు రెండు కొసలను మధ్యలో కలపండి. క్లిక్ వినిపించాలి, తర్వాత వెనక్కి లాగి చూడాలి. రబ్బరు సీలు మడత పడితే వానాకాలంలో నీళ్లు చేరి పిన్నులు పచ్చబడతాయి. ఎడమ, కుడి కొసలకు మీరే రంగు టేపు చుట్టుకోండి.

వైరు పోయే దారి, కరెంటు వచ్చే చోటు

ఎక్కువ అమరికలు పాడయ్యేది ఇక్కడే. నాకు తెలిసిన ఒకాయన కారుకు ఒక వర్క్‌షాప్‌లో వైరును సైలెన్సర్ పైనున్న వేడి కవచం మీదుగా లాగి జిప్ టై వేశారు. మూడో వారానికి ఇన్సులేషన్ కరిగి ఫ్యూజ్ ఎగిరింది. ఆ ఫ్యూజ్ కూడా లేకపోయి ఉంటే వైరే కాలేది. మామూలు పీవీసీ వైరు 105 డిగ్రీలు దాటితే తట్టుకోదు. సిలికోన్ ఇన్సులేషన్ 200 డిగ్రీల దాకా ఆగుతుంది. పైపులకు కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో, ఫ్యాక్టరీ వైర్లు వెళ్లే దారినే పోండి. ఆ దారిని ఇంజనీర్లు అప్పటికే పరీక్షించి ఎంచుకున్నారు. సైలెన్సర్ రబ్బరు హ్యాంగర్ల మీద ఊగుతుంది కాబట్టి దాని దగ్గర వైరు కొంచెం వదులుగా ఉండాలి.

కరెంటు ఇగ్నిషన్‌తో వచ్చే ఫ్యూజ్ నుంచే తీసుకోండి. రిమోట్ రిసీవర్‌ను ఎప్పుడూ కరెంటు ఉండే లైనుకు కలిపితే అది నిద్రలో కూడా కొంత తింటుంది. 20 మిల్లీ ఆంపియర్లనుకున్నా రోజుకు దాదాపు అర ఆంపియర్-అవర్, నెలకు 14 పైన. వారాల తరబడి కదలకుండా ఉండే స్పోర్ట్స్ కారులో 60 ఆంపియర్-అవర్ల బ్యాటరీకి అది చిన్న దెబ్బ కాదు.

ఏడో అడుగు: హోరును లెక్కగట్టి సెట్ చేయడం

ఆర్‌పీఎంను బట్టి తెరిచే సౌకర్యం ఉన్న మాడ్యూల్ అయితే ఈ భాగం శ్రద్ధగా చదవండి. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ప్రతి రెండు చుట్లకు ప్రతి సిలిండర్ ఒకసారి పేలుతుంది. కాబట్టి ఆర్‌పీఎంను 60తో భాగించి, సిలిండర్ల సంఖ్యలో సగంతో హెచ్చవేస్తే శబ్దంలోని ప్రధాన ఫ్రీక్వెన్సీ వస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్ 3000 దగ్గర 100 హెర్ట్జ్. ఆరు సిలిండర్లది 2000 దగ్గరే 100 హెర్ట్జ్. వీ8 అయితే 2000 దగ్గర 133 హెర్ట్జ్.

కారు క్యాబిన్ కూడా ఒక డబ్బా లాంటిదే, దానికీ తనకంటూ మోగే ఫ్రీక్వెన్సీలు ఉంటాయి. ఎగ్జాస్ట్ నోటు వాటిలో ఒకదానితో కలిసినప్పుడు చెవుల మీద ఒత్తిడి లాంటి హోరు పుడుతుంది. ఫ్లాప్ తెరిచి ఉంచి, మూడో గేరులో నెమ్మదిగా ఆర్‌పీఎం పెంచుతూ వెళ్లండి, పక్కన ఇంకొకరు కూర్చుని హోరు మొదలైన, ఆగిన అంకెలు రాసుకోవాలి. మీరు ఎక్కువగా హైవే మీద పోయే వేగం ఆ మధ్యలోనే పడితే, ఆ పరిధిలో తక్కువ థ్రాటిల్‌కు ఫ్లాప్ మూసి, 40 శాతం దాటి తొక్కినప్పుడు తెరిచేలా పెట్టండి. తెరిచే అంకె, మూసే అంకె ఒకటే పెట్టకండి. 3000 దగ్గర తెరిస్తే 2600 దగ్గర మూయనివ్వండి. లేకపోతే ఆ అంకె చుట్టూ ఫ్లాప్ కొట్టుకుంటూ మోటారును అరగదీస్తుంది.

బలవంతంగా మూసే మోడ్ స్టార్టింగ్‌కూ, నెమ్మదిగా వీధి దాటడానికీ మాత్రమే. పెద్ద లోడ్ మీద మూసి ఉంచితే వెనక ఒత్తిడి, వేడి పెరుగుతాయి. ఆర్‌పీఎం తెలిసిన మాడ్యూల్‌లో 3500 పైన ఫ్యాక్టరీకి వదిలేసేలా సెట్ చేయండి. మీరే కట్టిన స్విచ్ అయితే అది మీ బాధ్యత, అందుకే మూసే స్విచ్ పక్కన చిన్న లైటు పెట్టుకోండి.

ఎనిమిదో అడుగు: తనిఖీ

ముందుగా కంట్రోలర్ ఫ్యూజ్ పీకేయండి. కారు మీరు మొదటి రోజున రాసుకున్న కాగితంలో ఉన్నట్టే ప్రవర్తించాలి. తేడా ఉంటే అమరికలో తప్పుంది, రోడ్డెక్కకండి. తర్వాత ఫ్యూజ్ పెట్టి ప్రతి మోడ్‌నూ వీడియోలో చూడండి. మూడు నాలుగు రోజులు మామూలుగా నడిపి, ఓబీడీ రీడర్‌తో పెండింగ్ కోడ్‌లు చదవండి. డ్యాష్‌బోర్డ్‌లో లైటు వెలగలేదంటే కోడ్ లేదని అర్థం కాదు. కొన్ని లోపాలు వరుసగా రెండు డ్రైవింగ్ సైకిళ్లలో కనిపిస్తేనే లైటు వెలుగుతుంది.

శబ్దం ఎంత పెరిగిందో కూడా కొలవండి. నిలబడిన కారుకు వాడే పద్ధతిలో పైపు చివర నుంచి అర మీటరు దూరంలో, పొగ దిశకు 45 డిగ్రీల కోణంలో, పైపు ఎత్తులో మైకు పెడతారు. గరిష్ఠ పవర్ 5000 ఆర్‌పీఎం లోపే వచ్చే ఇంజన్‌ను ఆ అంకెలో 75 శాతం దగ్గర, 5000-7500 మధ్య వచ్చేదాన్ని 3750 దగ్గర, 7500 లేదా అంతకు పైన వచ్చేదాన్ని సగం దగ్గర పట్టి ఉంచుతారు. ఫోన్ యాప్ అంకె చట్టం ముందు చెల్లదు గానీ, మూసినప్పటికీ తెరిచినప్పటికీ తేడా చెబుతుంది. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపుగా వినిపిస్తుంది. రోడ్డు మీద తిరగడానికి కారుకు ఇచ్చిన అనుమతి ఫ్యాక్టరీ ప్రోగ్రామ్‌ను పరీక్షించి ఇచ్చినది. దాన్ని దాటి తెరిచి ఉంచే మోడ్ మీ ప్రాంతంలో రోడ్డు మీద చెల్లకపోవచ్చు, కాబట్టి స్థానిక నిబంధన చదివి, ఆ మోడ్‌ను ట్రాక్‌కు ఉంచుకోండి. బీమా పత్రంలో మార్పుల గురించి ఏం రాసి ఉందో కూడా చూడండి. ట్రాక్‌లకు కూడా సొంత శబ్ద పరిమితులు ఉంటాయి, వెళ్లే ముందు అడిగి తెలుసుకోండి.

తీసిన ఫ్యాక్టరీ క్లిప్పులు, ట్యూబు ముక్కలు, విప్పకముందు తీసిన ఫొటోలు ఒక సంచిలో వేసి డిక్కీలో పెట్టుకోండి. ఆరు నెలలకోసారి, లేదా వానాకాలం ముగిశాక, కారు లిఫ్ట్ మీద ఉన్నప్పుడు లివర్ కదలిక, ట్యూబు కొసల పగుళ్లు, కనెక్టర్ సీళ్లు చూసుకోండి. సర్వీసుకు ఇచ్చేటప్పుడు మాడ్యూల్‌ను ఆటోలో పెట్టి, అది ఎక్కడ బిగించి ఉందో మెకానిక్‌కు ముందే చెప్పండి.